మెడ వంగని వీధి

సోమవారం పొద్దున్న కాలర్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కొట్టు తెరవాలి, గంజి కలపాలి, పదకొండింటికల్లా మేడ మీద ఉండే కొట్టు యజమానురాలు, రిటైరైన సైన్సు టీచరమ్మ గారింటి చొక్కాలు తనే తీసుకెళ్ళి ఇచ్చి, కొట్టు అద్దె కాగితం సంగతి మెల్లగా కదపాలి. ఆవిడ సరేనంటే ఒక కుర్చీ కొనుక్కోవాలి. అందులో కూర్చోవాలి. ఇంతకంటే పెద్ద కోరికలు ఆయనకు ఎప్పుడో ఆరిపోయాయి.

ముప్పై ఒక్కేళ్ళుగా ఆయన నిలబడే ఉన్నాడు. ఇస్త్రీ అంటేనే నిలబడి చేసే పని. మోకాళ్ళు మొదట్లో మూలిగాయి, తర్వాత మొత్తుకున్నాయి, ఇప్పుడు అవీ విసుగొచ్చి ఊరుకున్నాయి. కుర్చీ కొనకపోవడం పిసినారితనం వల్ల కాదు. ఏడాదికోసారి తిరగరాసే కాగితం మీద కొట్టు నడిపేవాడు, ఉంటామో పోతామో తెలియని చోట కుర్చీ దేనికిలే అని వాయిదా వేస్తూ వచ్చాడు. ఈసారి టీచరమ్మ ఐదేళ్ళకు రాసిస్తానంది. హమ్మయ్య అనుకునే లోపలే వీధికి అవతలి పక్క అద్దాల లాండ్రీ వెలిసింది. దాని బోర్డు మీద "మనిషి చెయ్యి తగలని ఇస్త్రీ" అని మనిషంత అక్షరాలు. దాని మేనేజరు వచ్చి, మీ కింది గది మాకివ్వండి, చాలడం లేదు అని టీచరమ్మను అడిగి వెళ్ళాడు. అదే జరిగితే యాభై ఎనిమిదేళ్ళ వయసులో మాస్టారు ఆ అద్దాల వెనక నిలబడి, యంత్రం కక్కిన చొక్కాలకు చీటీలు తగిలించుకోవాలి. నిలబడడమే కదా, ఎక్కడైతే ఏమిటి అని తనకు తాను సర్దిచెప్పుకునేవాడు కానీ, ఆ సంగతి తలచుకున్న ప్రతిసారీ ఆయనకు ఏడుపొచ్చేది.

కాలర్ మాస్టారనే పేరు ఊరికే రాలేదు. చొక్కాలో తక్కినదంతా ఎవరైనా రుద్దుతారు, పనివాడి పస తెలిసేది కాలరు దగ్గరే. ఆయన తడిగుడ్డను గంజిలో ముంచి, పిండి, కాలరు మీద పరిచి, పైన ఇస్త్రీ పెట్టె పెట్టి ఒక్క నొక్కు నొక్కితే, లోపల మెడ లేకపోయినా ఆ కాలరు నిలబడుతుందని వీధిలో చెప్పుకునేవారు.

ఆ పొద్దున్న భార్య ఒక పూలకుండీ మోసుకొచ్చి కిటికీలో పెట్టింది. కుండీ నిండా పసుపుపచ్చటి పూలు.

"ఇదెందుకే ఇప్పుడు?"

"అద్దాల వాళ్ళ ఎదురుగా మన కొట్టు బొగ్గుల కొట్టులా ఉందండీ. టీచరమ్మ దిగొచ్చినప్పుడు కాస్త కళగా ఉండొద్దూ?"

"గంజి బేసిను పైన పెట్టావు."

"మరి వేరే చోటుందా? మీరు పక్కకు జరిగితే మీ చోట్లో పెడతాను."

మాస్టారు చొక్కా ఒకటి బల్ల మీద పరిచాడు. పెళ్ళయిన కొత్తలో జవాబు చెప్పేవాడు, తర్వాత అలసిపోయాడు. పూల మీద నాలుగైదు పురుగులు తిరుగుతున్నాయి. నల్లటి ఒళ్ళు, దాని మీద నారింజ రంగు పట్టీలు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. వాటిలో ఒకటి జారి బేసిన్లో పడింది, ఇంకో రెండు తడిగుడ్డ మడతల్లోకి దూరాయి. గుడ్డ పిండినప్పుడు చేతిలో ఏదో చిట్లినట్టయింది. "పూలు తిని బతికే పురుగు, మనల్నేం చేస్తుందిలే" అని విదిలించి పనిలో పడ్డాడు. గంజి పారబోసి మళ్ళీ కలపడానికి ఓపిక లేదు. జరిగిన తప్పంతా ఇంతే. తక్కినదంతా దాని పిల్లలూ పిల్లల పిల్లలూ.

పదకొండింటికి మేడ ఎక్కితే టీచరమ్మ చొక్కాలు తీసుకుని, "గురువారం చెప్తాను మాస్టారూ. మా ఆయన్ని ఒక మాట అడగాలి" అంది. టీచరమ్మ గారి ఆయన రైల్వేలో ముప్పై ఏళ్ళు జెండాలూపి రిటైరయిన మనిషి. మాట్లాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. ఇంట్లో ఏ సంగతైనా ఆవిడ అడుగుతుంది, ఆయన తల నిలువుగా ఊపితే అవును, అడ్డంగా ఊపితే కాదు. సంసారం అలా సాఫీగా నడిచిపోయింది.

సాయంత్రం బావమరిది రోజూలాగే చొక్కాల మూట తెచ్చాడు. వాడు ఏదో హాస్టల్లో సూపర్‌వైజరుగా చేరానని చెప్పి రెండు నెలలైంది.

"బావా, కాలర్లొక్కటే చూడు. తక్కిన చొక్కా వాళ్ళే రుద్దుకున్నారు."

"ఇంత బుద్ధిమంతుల హాస్టలు ఎక్కడుందిరా?"

"పెద్దవాళ్ళ హాస్టలులే బావా, ఉద్యోగస్తులు."

ఇంకో ప్రశ్న అడగాలంటే ఇంకో నిమిషం నిలబడాలి. మాస్టారు మూట విప్పాడు, అదే గుడ్డ, అదే గంజి.

బుధవారం పొద్దున్న మొదట వచ్చినవాడు బ్యాంకు క్యాషియరు. వచ్చీ రాగానే కాలరు కిందికి లాగి మెడ చూపించాడు. ఈ చెవి కిందనుంచి ఆ చెవి కిందిదాకా ఎర్రటి గీత, గీత పొడుగునా నీళ్ళు నిండిన బొబ్బలు.

"గంజిలో ఏం కలిపారు మాస్టారూ? నిప్పులు కలిపారా?"

మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. ఇంకెవరైనా అయితే డాక్టరు దగ్గరికి పొమ్మనేవారు. కానీ ముప్పై ఒక్కేళ్ళుగా కాలరు తప్ప ఇంకో లోకం చూడని మనిషికి, ఆ గీత సరిగ్గా కాలరు అంచు వెంట ఉండడమే కనిపించింది. కాలరు మరీ బిగిసి మెడ కోసింది, ఇంకేముంటుంది? లోలోపల కాస్త గర్వం కూడా కలిగింది.

"గంజి పట్టు ఎక్కువైనట్టుంది. విప్పి ఇటివ్వండి, మెత్తబరుస్తాను."

కాలరు మెత్తబడాలంటే తడపాలి. దగ్గర్లో ఉన్నది ఆ తడిగుడ్డే. రెండుసార్లు తడిపి, రెండుసార్లు నొక్కి, "ఇప్పుడు వెన్నపూసలా ఉంటుంది చూడండి" అని మళ్ళీ తొడిగించి పంపించాడు. ఆ తర్వాత వచ్చిన డ్రైవింగ్ స్కూలు మాస్టరుకూ అదే వైద్యం, ఆ వెనక వచ్చిన ప్లీడరుకూ అదే వైద్యం. మధ్యాహ్నానికి ఉన్న గీత మీద కొత్త గీత తేలింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కదా.

కాలరు తగిలితే మంట కాబట్టి మాస్టారి ఖాతాదార్లందరూ గడ్డం పైకెత్తి, మెడ సాచి, ఎటూ తిప్పకుండా నడవడం మొదలుపెట్టారు. చూసేవాళ్ళకు అది మంటలా కనిపించలేదు, పొగరులా కనిపించింది. బ్యాంకులో మేనేజరు గుడ్‌మార్నింగ్ అంటే క్యాషియరు తల వంచలేదు, ఆయన "ఏంటయ్యా కొమ్ములొచ్చాయా?" అని మెమో ఇచ్చాడు. కోర్టులో జడ్జిగారు "తల వంచి నమస్కరించడం తమకు చిన్నతనమా?" అని ప్లీడర్ని అడిగారు. డ్రైవింగ్ మాస్టరు ఎడమవైపు చూడలేక నేర్చుకునేవాడి మాట నమ్మాడు, వాడు కారు తీసుకెళ్ళి పోస్టు డబ్బాకు గుద్దాడు. సాయంత్రానికి వీధిలో ఒకడి మొహం ఒకడు చూడడం లేదు, చూస్తే కాలరు తగులుతుంది, చూడకపోతే ఎదుటివాడికి కోపం. "నీకేనా కాలరెగరేయడం వచ్చింది, మాకు రాదా?" అని రెండు చోట్ల తగువులయ్యాయి.

క్యాషియరు తక్కిన చొక్కాలన్నీ మూట కట్టి, మాస్టారు చూస్తుండగానే గడ్డం పైకెత్తి వీధి దాటి అద్దాల వైపు నడిచాడు. మాస్టారు తల దించుకున్నాడు కాబట్టి ఏ తలుపులోకి వెళ్ళాడో చూడలేదు. చూసి ఉంటే కథ అక్కడే ముగిసేది.

ఆ సాయంత్రం బావమరిది తెచ్చిన మూట విప్పుతుంటే తెలిసిన చొక్కా ఒకటి చేతికి తగిలింది. నీలం చొక్కా, తెల్ల బొత్తాల మధ్య ఒకటి మాత్రం ఆకుపచ్చది. పోయినేడు ఆ బొత్తాం ఊడిపోతే దొరికినదాన్ని కుట్టింది తనే. సందేహం లేదు, అది క్యాషియరు చొక్కా. మాస్టారు దాన్ని భార్యకు చూపించాడు.

"ఏమే, క్యాషియరు హాస్టల్లో చేరాడు."

"అయ్యో! ఇల్లుండగా హాస్టలేమిటండీ?"

"మెమో వచ్చింది, మెడ కాలింది. ఇంట్లో కూడా మాట వచ్చిందేమో. పాపం, అన్నీ ఒక్కసారే."

చొక్కాలను చూసి మనుషుల జాతకాలు చెప్పడం ఆ దంపతులకు అలవాటు. చేతులు అరిగితే ప్రమోషన్ రాలేదని, జేబు చిరిగితే మనవడు పుట్టాడని ఇట్టే చెప్పేస్తారు. అందువల్ల ఇందులో ఇంకో అర్థం ఉండవచ్చని ఇద్దరికీ తోచలేదు. భార్య చెప్పులేసుకుని నేరుగా క్యాషియరు భార్యను ఓదార్చడానికి వెళ్ళింది. "మగాళ్ళన్నాక కోపాలొస్తాయమ్మా, నాలుగు రోజులు పోతే హాస్టలు తిండికి మొహం మొత్తి వాళ్ళే వస్తారు" అంది.

"హాస్టలేంటండీ? మా ఆయన లోపల కాఫీ తాగుతుంటే!"

"మరి చొక్కా అక్కడుందే?"

క్యాషియరు భార్య లోపలికి తిరిగి, "ఏమండీ, మీ చొక్కా ఒక్కటే వెళ్ళి హాస్టల్లో చేరిందా? ఆ హాస్టలు ఎవరిదో కాస్త చెప్తారా?" అంది. ఆ ఇంట్లో ఆ తర్వాత కాఫీ లేదు.

మేడ మీద జరిగింది మాస్టారికి తర్వాత తెలిసింది. అదే సాయంత్రం టీచరమ్మ భర్త ఎదురుగా కూర్చుని, "కొట్టు మాస్టారికే ఉంచుదామా?" అని అడిగింది. ఆయన మెడ చుట్టూ బొబ్బలు. పై బొత్తాం దాకా పెట్టుకునే మనిషి కాబట్టి అవి ఆవిడకు కనిపించలేదు. ఈ కాస్త మంటకు నోరు విప్పాలా అని ఆయన చెప్పలేదు. తల నిలువుగా ఊపబోయి, మంటకు ఊపలేక, ఎదురుగోడ చూస్తూ కొయ్యలా కూర్చున్నాడు. ఆవిడకు ఇలాంటి జవాబు ముప్పై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ రాలేదు.

"పోనీ, అద్దాల వాళ్ళకిచ్చేద్దామా?"

సరిగ్గా అప్పుడే కాలరు అంచు బొబ్బకు గుచ్చుకుంది. ఆయన గడ్డం కిందికి దిగి పైకి లేచింది. రైల్వే సిగ్నలంత స్పష్టంగా.

గురువారం పొద్దున్న టీచరమ్మ కాగితం పట్టుకుని మెట్లు దిగింది.

"మాస్టారూ, ఎలా చెప్పాలో తెలియట్లేదు. మా ఆయన ఒప్పుకోలేదు. గది వాళ్ళకిస్తున్నాను. నెలాఖరు వరకు మీరుండండి."

ముప్పై ఒక్కేళ్ళు. మాస్టారికి గట్టిగా ఏదో అనాలనిపించింది. కాళ్ళలో ఉన్న అలసటంతా ఒక్కసారి పైకెక్కి గొంతులో కూర్చుంది. మనిషి కూర్చోలేదు కానీ అదైనా కూర్చుంది.

"సరేనమ్మా. అయ్యగారి చొక్కాలు రెండున్నాయి, కాలర్లు చేసి పంపిస్తాను. మాటిచ్చాను కదా" అన్నాడు. కళ్ళు తుడుచుకోవడం కనబడకుండా అటు తిరిగి తడిగుడ్డ దులిపాడు.

గుడ్డలోంచి పురుగొకటి ఊడి బల్ల మీద పడింది. నల్లటి ఒళ్ళు, నారింజ పట్టీలు.

"ఆగండి!" టీచరమ్మ గొంతు ముప్పై ఏళ్ళు వెనక్కి తరగతి గదిలోకి వెళ్ళిపోయింది. "దాన్ని ముట్టుకోకండి. ఆ గుడ్డ కింద పెట్టండి. ఇది ఎక్కడిది?"

మాస్టారి భార్య కిటికీ వైపు చూసింది. కుండీలో దాని చుట్టాలు రెండు తీరిగ్గా పూలు నములుతున్నాయి.

"బొబ్బల పురుగు. కుట్టదు, కరవదు. నలిపితే చాలు, ఒంట్లోంచి రసం వదులుతుంది. అది తగిలిన చోట కొన్ని గంటలకు బొబ్బలు లేస్తాయి. వేడికి కూడా పోదు" అని పాఠం మొదలుపెట్టి, సగంలో ఆగింది. "మాస్టారూ, ఈ గుడ్డతో ఎందరి కాలర్లు చేశారు?"

"అందరివీనమ్మా" అన్నాడాయన. తర్వాత తన చేతులు చూసుకున్నాడు. "మరి నాకేం కాలేదే?"

"మీ అరచేతులు చూసుకున్నారా? ముప్పై ఏళ్ళు పెట్టె పట్టి చెప్పు అట్టలయ్యాయి. అంత మందంలోకి అది దిగదు."

ఈలోగా వీధి అవతల గోల మొదలైంది. అద్దాల లాండ్రీ ముందు పదిహేనుమంది గడ్డాలు పైకెత్తి నిలబడి అరుస్తున్నారు. వాళ్ళెవరూ మాస్టారి ఖాతాదార్లు కారు. జన్మలో ఆ కొట్టు గుమ్మం ఎక్కనివాళ్ళు. మేనేజరు చేతులూపుతూ వీధి దాటి వచ్చాడు, వెనకే జనం, జనంలో క్యాషియరు.

"ఇక్కడి జబ్బే ఇది! ఈ కొట్టు నుంచి మా వాళ్ళకు అంటుకుంది! ముందు దీన్ని మూయించండి!"

"ఇది అంటుకునే జబ్బు కాదు" అంది టీచరమ్మ. "పురుగు రసం తగలాలి. ఇక్కడి గంజిలో పడ్డ రసం మీ చొక్కాలకెలా తగిలింది?"

"మావాటికి అసలు మనిషి చెయ్యే తగలదండీ! బోర్డు చదువుకోండి!"

గుంపు వెనకనుంచి మాస్టారి బావమరిది మెల్లగా జారుకోబోతున్నాడు. మండుటెండలో మెడకు మఫ్లరు. అక్క చూడనే చూసింది.

"ఏరా, ఎండలో ఆ మఫ్లరేంటి?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. వీడు మెడ తడుముకున్నాడు. మఫ్లరు జారింది, ఎర్రటి గీత బయటపడింది, గీత కింద లాండ్రీ యూనిఫారం కాలరు కూడా బయటపడింది.

మాస్టారికి లోకజ్ఞానం నెమ్మదిగా వస్తుంది కానీ, చొక్కాల జ్ఞానం వెంటనే వస్తుంది. అల్మరాలోంచి నిన్నటి మూట దింపి, ఆకుపచ్చ బొత్తాం ఉన్న నీలం చొక్కా పైకి తీశాడు.

"క్యాషియరు గారూ, మీరు హాస్టల్లో లేరు కదా?"

"రాత్రంతా అదే ప్రశ్నండీ బాబూ! ఆ చొక్కా నేను అద్దాల లాండ్రీలో ఇచ్చాను!"

వీధి మొత్తం మేనేజరు వైపు తిరిగింది. మెడలు తిరగవు కాబట్టి మనుషులే నిలువునా తిరిగారు. బావమరిది తేలుకుట్టిన దొంగలా నేల చూస్తూ, "నేనేం చేసేది బావా? ఆ మిషనుకు కాలరు రాదు. పెడితే తడిసిన కాగితంలా వాలిపోతుంది. మేనేజరు గారు ఎలాగోలా చేయించమన్నారు. కాలరంటే నువ్వే కదా! చెబితే ఒప్పుకోవని హాస్టలన్నాను" అన్నాడు.

"అంటే రెండు నెలలుగా..." అని ఎవరో అన్నారు.

"మేం ఎటుపోయినా ఈయన దగ్గరికే వచ్చామన్నమాట" అన్నాడు ప్లీడరు. పారిపోదామన్నా పోవడానికి ఇంకో చోటు లేదని వీధికి అప్పుడు తెలిసింది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తేలక కాసేపు అందరూ నీరుగారిపోయారు.

మాస్టారు గుమ్మం దిగి అందరి ముందూ చేతులు జోడించాడు. "పురుగు పడ్డం నేను చూశాను. గంజి పారబోసి మళ్ళీ కలపాల్సింది. ఓపిక లేక ఊరుకున్నాను. తప్పు నాది" అన్నాడు. అలసిపోయిన మనిషి నిజం చెప్తే అందులో వాదించడానికేమీ ఉండదు. టీచరమ్మ అందరికీ తరగతిలోలా చెప్పింది: మెడలు సబ్బుతో కడుక్కోండి, బొబ్బలు చిదపకండి, మంట ఎక్కువైతే డాక్టరుకు చూపించండి, పదిరోజుల్లో మానుతుంది.

అప్పుడు మెట్ల మీద చప్పుడైంది. టీచరమ్మ గారి ఆయన చొక్కా లేకుండా, బనీనుతో, మెడకు తడిబట్ట చుట్టుకుని దిగివచ్చాడు. భార్య చేతిలో కాగితం తీసుకుని చదివి, దాన్ని రెండుగా చింపాడు.

"మాస్టారికే" అన్నాడు.

టీచరమ్మ మెట్టు మీదే కూలబడింది. "మరి నిన్న తల ఊపారు కదండీ?"

"మంట" అన్నాడు. నిన్నటి నుంచి దాచుకున్న ఆ రెండు మాటలూ అయిపోయాక, మళ్ళీ మేడెక్కి వెళ్ళిపోయాడు.

గంజి బేసిను, తడిగుడ్డ, కిటికీ పక్కనున్న పాత గుడ్డలు అన్నీ బయటికి పోయాయి. చేసిన కాలర్లన్నీ మళ్ళీ సబ్బులోకి పోయాయి. భార్య కుండీకి గోనెసంచి చుట్టి తమ్ముడి చేతుల్లో పెట్టి, "ఊరవతల వదిలేసి రా. నువ్వు కూడా తొందరపడి రావద్దు" అంది. ఐదేళ్ళ కాగితం ఆ సాయంత్రమే రాశారు. మర్నాడు అద్దాల లాండ్రీ మేనేజరు వచ్చి, చేతులు నలుపుకుంటూ, ఇకనుంచి కాలర్లు దొంగచాటుగా కాక పట్టపగలే పంపిస్తానని చెప్పి వెళ్ళాడు. బోర్డు కూడా మార్పించాడు. ఇప్పుడు దాని మీద "ఒక్క మనిషి చెయ్యి మాత్రమే తగిలే ఇస్త్రీ" అని ఉంది.

శనివారం మాస్టారు కుర్చీ కొన్నాడు. చేతులున్న కుర్చీ, వీపుకు మెత్త కూడా ఉంది. అందులో ప్రస్తుతం అద్దాల లాండ్రీ చొక్కాలు కూర్చుంటున్నాయి.